షెడ్డులో నిలిచిపోయిన అంబాసిడర్: విప్పేముందు కొలవాల్సినవి

ఏళ్ల తరబడి షెడ్డులో పడున్న అంబాసిడర్‌ని బయటికి తీసినవాళ్లు చాలామంది మొదట చెయ్యి పెట్టేది కార్బురేటర్ మీద. విప్పుతారు, పెట్రోల్‌తో కడుగుతారు, కొత్త కిట్ వేసి బిగిస్తారు. అయినా బండి మిస్సింగ్ కొడుతూనే ఉంటుంది. అప్పుడు ప్లగ్గులు మారుస్తారు, తర్వాత కాయిల్, ఆ తర్వాత పెట్రోల్ పంపు. చివరికి సగం సామాను కొత్తదవుతుంది, జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. మార్చిన వాటిలో ఒక్కటి నాసిరకం తగిలినా ఒక జబ్బు కాస్తా రెండవుతుంది.

పాత బండితో అసలు చిక్కు ఇదే. ఒకే లక్షణానికి నాలుగైదు కారణాలుంటాయి. పికప్ లేకపోవడానికి పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును తెంపి కలిపే స్విచ్) అరిగి ఉండొచ్చు, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) వెనక్కి పోయి ఉండొచ్చు, మ్యానిఫోల్డ్ గ్యాస్కెట్ గాలి పీలుస్తూ ఉండొచ్చు, ట్యాపెట్ (వాల్వును తెరిచే భాగం) గ్యాప్ బిగిసిపోయి ఉండొచ్చు, బ్రేకు పట్టేసి ఉండొచ్చు. చెవితో విని వీటిని విడదీయగల పాత మెకానిక్కులు ఉన్నారు, కానీ తగ్గిపోతున్నారు. ఆ అనుభవం లేనివాళ్లకు ఐదు పనిముట్లు చాలు: ఫీలర్ గేజ్, మల్టీమీటర్, 12 వోల్టుల టెస్ట్ ల్యాంపు, కంప్రెషన్ గేజ్, వ్యాక్యూమ్ గేజ్. ఏ భాగమైనా మార్చేముందు వీటిలో ఒకదానితో కొలిచి, అది పాడైందని తేలాకే మార్చాలి. దీన్ని నియమంగా పెట్టుకుంటే డబ్బు, ఓపిక రెండూ మిగులుతాయి.

ఏ బండి, ఏ కాగితాలు

అంబాసిడర్‌కి మూలం బ్రిటన్‌లో తయారైన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3. హిందుస్థాన్ మోటార్స్ దాన్ని పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కర్మాగారంలో 1958 ప్రాంతంలో మొదలుపెట్టి 2014 వరకు తయారుచేసింది. తొలి బండ్లలో 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్ ఉండేది. తర్వాత వచ్చిన 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజినే దశాబ్దాలపాటు నడిచింది. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ (బీఎంసీ) సంస్థ బీ-సిరీస్ ఇంజిన్. బోరు 73.025 మి.మీ., స్ట్రోకు 88.9 మి.మీ., ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ఇక్కడ చెప్పే అంకెలన్నీ ఈ పెట్రోల్ ఇంజిన్‌వే. డీజిల్‌కీ, 1990ల్లో వచ్చిన ఇసుజు 1800 ఇంజిన్‌కీ ఇవి పనికిరావు.

ఈ వంశం తెలిస్తే సామాను వెతకడంలో మేలు జరుగుతుంది. ఎంజీఏ 1500 స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ 1489 సీసీ ఇంజినే కాబట్టి గ్యాస్కెట్లు, బేరింగులు, పిస్టన్ రింగులు వంటివి ఇంగ్లండులో ఆ కార్ల సామాను అమ్మేవాళ్ల దగ్గర ఇప్పటికీ కొత్తవి దొరుకుతున్నాయి. కాకపోతే కంప్రెషన్ నిష్పత్తి, కార్బురేటర్లు, క్యామ్ వేరు కాబట్టి పిస్టన్లు కొనేముందు కొలతలు సరిపోల్చుకోవాలి. బాడీ సామానుకు చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్ బజార్ లాంటి చోట్ల తిరగాలి. లేత్ పనికి, రీబోరింగుకు, టింకరింగుకు విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది.

కాగితాల సంగతి ముందే తేల్చుకోవాలి. బండి మీద ఏ పని చెయ్యొచ్చో, ఏది చెయ్యకూడదో అవే నిర్ణయిస్తాయి. 2021లో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, వ్యాపారానికి వాడని ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలను వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. రుసుము 20,000 రూపాయలు, గడువు 10 ఏళ్లు, తర్వాత పునర్నమోదుకు 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ తర్వాత ‘వీఏ’ అక్షరాలుంటాయి. అయితే ఆ బండిని రోజూ తిప్పుకోవడం కుదరదు. ప్రదర్శనలు, ర్యాలీలు, సాంకేతిక పరిశోధన, పెట్రోల్ పోయించుకోవడం, మరమ్మతు లాంటి పనులకే రోడ్డెక్కాలి. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు కూడా. అందుకే 1972 మోడల్‌లో ఇసుజు ఇంజిన్ బిగించి ఏసీ పెట్టించాలనుకునేవాళ్లు వింటేజ్ నమోదు మర్చిపోవాలి. వారానికోసారి కుటుంబంతో బయటికెళ్లాలనుకుంటే మామూలు ఆర్‌సీనే ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్‌తో రెన్యువల్ చేయించుకోవాలి. ఏ దారైనా ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో అక్షరం అక్షరం కలవాలి. కొనేరోజే తుడిచి, వెలుతురు పెట్టి చూసుకోండి.

ముందు చూడాల్సింది తుప్పు

ఇంజిన్ ఎంత పాడైనా బాగవుతుంది. బాడీ కుళ్లితే ఖర్చుకు అంతుండదు. అంబాసిడర్‌కి లారీలాంటి విడి ఛాసిస్ లేదు, బాడీయే బరువంతా మోస్తుంది. తలుపుల కింద బండి పొడవునా పోయే సిల్లులు, ముందు ఫ్లోరు, డిక్కీ అడుగు, వెనక కమాన్ కట్టలు బాడీకి తగిలే హ్యాంగర్లు, జాకీ పెట్టే చోట్లు కుళ్లాయంటే బండి మెల్లగా మధ్యలో కుంగుతుంది. తలుపు వేసినప్పుడు వెనక అంచు దగ్గర సందు పైనా కిందా ఒకేలా లేకపోతే అనుమానించాలి.

పై పెయింటును నమ్మొద్దు. పలచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతాన్ని అడుగు అంచుల వెంబడి నడిపించండి. పట్టు వదిలిన చోటల్లా పుట్టీ మందంగా పెట్టారని అర్థం. అడుగునుంచి స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. మంచి రేకు ఠంగుమంటుంది, కుళ్లింది లోపలికి దిగిపోతుంది. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఉన్న బండికి ఈ పరీక్ష చెయ్యకుండా బేరం ఆడకూడదు.

సిల్లు కోసి కొత్తది వెల్డింగ్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. తలుపు సందులో రెండు పక్కలా యాంగిల్ పట్టీతో అడ్డకట్టు వెల్డ్ చేసి, ఆ తర్వాతే పాత సిల్లు కొయ్యాలి. అడ్డకట్టు లేకుండా కోస్తే బాడీ రెండు మూడు మిల్లీమీటర్లు కదిలినా తలుపులు ఇక ఎప్పటికీ సరిగ్గా పడవు. ఒకేసారి రెండు వైపులా కొయ్యకూడదు. మామూలు ప్యానెళ్లకు 20 గేజ్ రేకు, బరువు మోసే చోట్లకు 18 గేజ్ సరిపోతుంది. పుట్టీ రెండు మూడు మిల్లీమీటర్లకు మించిందంటే టింకరింగ్ సరిగా జరగలేదన్నమాటే. శుభ్రం చేసిన రేకు మీద అదేరోజు ఎపాక్సీ ప్రైమర్ పడాలి. మన తేమలో ఒక్క రాత్రి వదిలేసినా ఎర్రగా పూత కడుతుంది.

నిద్రపోయిన ఇంజిన్‌ని లేపడం

నిలిచిపోయిన ఇంజిన్‌కి బ్యాటరీ పెట్టి నేరుగా సెల్ఫ్ కొట్టడం, లేదా తోసి స్టార్ట్ చెయ్యడం పెద్ద పొరపాటు. సిలిండర్ గోడలు ఎండిపోయి ఉంటాయి, రింగులు తుప్పుకు అతుక్కుని ఉంటాయి. ఆ స్థితిలో బలవంతంగా తిప్పితే రింగు విరిగి బోరును గీసేస్తుంది.

నాలుగు ప్లగ్గులూ తీసి ఒక్కో సిలిండర్లో 15 మి.లీ. దాకా పలచటి ఇంజిన్ ఆయిల్ పోసి ఒక రోజు వదలండి. తర్వాత ముందునుంచి స్టార్టింగ్ హ్యాండిల్ పెట్టి చేత్తో తిప్పండి. ఈ ఇంజిన్‌కి ఆ సదుపాయం ఉండటం గొప్ప వరం. తేలిగ్గా తిరిగితే సంతోషం. తిరగకపోతే డీజిల్, ఇంజిన్ ఆయిల్ సగం సగం కలిపి సిలిండర్‌కు 30 మి.లీ. పోసి రెండు మూడు రోజులు ఆగండి. హ్యాండిల్‌ను రెండు దిక్కులా కొద్దికొద్దిగా ఊపండి తప్ప దాని మీద ఎక్కి తొక్కకండి. అప్పటికీ రాకపోతే హెడ్డు దింపడమే మార్గం.

తిరిగిందనుకుందాం. పాత ఆయిల్ తీసేసి, వీలైతే సంపు (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) కూడా దింపి అడుగున పేరుకున్న జిడ్డు గీకేయాలి. సుమారు 4 లీటర్ల 20డబ్ల్యూ-50 మినరల్ ఆయిల్ పట్టించండి. ఈ ఇంజిన్ ట్యాపెట్లు క్యామ్ మీద నేరుగా రాసుకుంటూ నడిచే రకం కాబట్టి జింక్ ఎక్కువున్న ఆయిల్ కావాలి. కొత్త కార్లకోసం చేసిన పలచటి సింథటిక్ ఆయిళ్లలో జింక్ తగ్గించేశారు, అవి దీనికి వద్దు. ప్లగ్గులు బయటే ఉంచి 10 సెకన్ల చొప్పున, మధ్యలో ఆగుతూ సెల్ఫ్ కొట్టండి. ఆయిల్ ప్రెషర్ గేజ్ కదిలేవరకు ప్లగ్గులు పెట్టొద్దు. ఇంజిన్ వేడెక్కాక రోడ్డు మీద 50 పీఎస్‌ఐ దరిదాపు, ఐడ్లింగ్‌లో 15కు తగ్గకుండా ఉంటే బేరింగుల మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

పెట్రోల్ మాత్రం పాత ట్యాంకునుంచి ఇవ్వకండి. లీటరు డబ్బా ఒకటి పంపుకు తగిలించి మొదటి స్టార్ట్ దానితోనే కానివ్వండి. ట్యాంకు దింపి, లోపలి తుప్పుకు నిమ్మ ఉప్పు లీటరు నీళ్లకు 50 నుంచి 100 గ్రాములు కలిపి నింపి రాత్రంతా ఉంచాలి. పొద్దున పారబోసి వంటసోడా నీళ్లతో కడిగి, వేడిగాలితో వెంటనే ఆరబెట్టాలి. ఆరబెట్టడం ఆలస్యమైతే గంటల్లో కొత్త తుప్పు పడుతుంది. లోపల పెట్రోల్ ఆవిరి ఉన్న ట్యాంకుకు ఎట్టి పరిస్థితుల్లోనూ వెల్డింగ్ పెట్టకూడదు. ఖాళీ ట్యాంకు ఇంకా ప్రమాదం.

ఇంజిన్ ఒకసారి నడిచి వేడెక్కాక కంప్రెషన్ చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, బ్యాటరీ నిండుగా ఉండగా కొలవాలి. అసలు అంకె కన్నా నాలుగు సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది శాతం లోపు ఉంటే మంచిదే. ఒకటి పడిపోతే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలవండి. అంకె పెరిగితే రింగులు లేదా బోరు, పెరగకపోతే వాల్వు. పక్కపక్కనున్న రెండూ ఒకేలా పడిపోతే వాటి మధ్య హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఇంజిన్ దింపాలా, హెడ్డు ఒక్కటే దింపాలా అన్నది ఈ చిన్న పరీక్షతోనే తేలిపోతుంది.

ముందు కరెంటు, తర్వాత పెట్రోల్

కార్బురేటర్ స్క్రూ ముట్టుకునే ముందు మూడు సరిగ్గా ఉండాలి: ట్యాపెట్లు, పాయింట్లు, టైమింగ్. ఈ వరస మార్చకూడదు. ట్యాపెట్ గ్యాప్ వాల్వు తెరుచుకునే సమయాన్ని మారుస్తుంది, పాయింట్ గ్యాప్ మారితే టైమింగ్ మారుతుంది. చివరది ముందు సరిచేస్తే మళ్లీ చెయ్యాల్సిందే.

ట్యాపెట్లకు సాధారణంగా 0.015 అంగుళం, అంటే 0.38 మి.మీ. ఎనిమిది వాల్వులకు తొమ్మిది లెక్క గుర్తుపెట్టుకుంటే చాలు. ముందునుంచి లెక్కపెడితే ఏ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉందో చూడండి, ఆ అంకెను తొమ్మిదిలోంచి తీసేస్తే సరిచెయ్యాల్సిన వాల్వు వస్తుంది. ఎనిమిదోది తెరుచుకుంటే ఒకటోది, ఆరోది తెరుచుకుంటే మూడోది.

సీబీ పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. ప్లగ్గు గ్యాప్ 0.64 మి.మీ. పాయింట్ల ముఖాల మీద ఒకవైపు గుంట, రెండోవైపు మొటిమ లేచి ఉంటే ఫీలర్ గేజ్ తప్పు చెబుతుంది. బ్లేడు మొటిమ మీద ఆనుకుంటుంది, అసలు సందు అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అలాంటప్పుడు పాయింట్లు మార్చడమో, డ్వెల్ మీటర్‌తో (పాయింట్లు ఎన్ని డిగ్రీలపాటు మూసుకుని ఉంటాయో చూపేది) 60 డిగ్రీల దగ్గర పెట్టడమో చెయ్యాలి. ఆ గుంట ఎందుకు పడిందన్నదీ చూడాలి, ఎక్కువసార్లు కండెన్సర్ (పాయింట్ల మధ్య నిప్పురవ్వను అణిచే చిన్న డబ్బా) లెక్క తప్పడం వల్ల పడుతుంది.

ఎంత పెట్టినా గ్యాప్ నిలవకపోతే డిస్ట్రిబ్యూటర్ షాఫ్టును రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు ఊపండి. కదలిక తెలిసిందంటే బుష్ అరిగింది. అప్పుడు షాఫ్టు మీద పాయింట్లను తెరిచే ఒక్కో మిట్ట (లోబ్) దగ్గర ఒక్కో గ్యాప్ వస్తుంది, సిలిండరుకో టైమింగ్ అవుతుంది. ఐడ్లింగ్‌లో ఊగిసలాడే ఇంజిన్‌కి కార్బురేటర్ కిట్లు మార్చి మార్చి విసిగిపోయిన చాలా బండ్లలో అసలు రోగం ఇదే. లేత్ షాపులో కంచు బుష్ తిప్పించి, ఆయిల్లో నానబెట్టి వేయిస్తే చాలా ఏళ్లు నడుస్తుంది.

టైమింగ్‌కు టెస్ట్ ల్యాంపు సరిపోతుంది. ల్యాంపు ఒక కొసను డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కు, రెండోదాన్ని ఎర్త్‌కు పెట్టి ఇగ్నిషన్ ఆన్ చేసి, హ్యాండిల్‌తో ఇంజిన్ మెల్లగా తిప్పండి. పాయింట్లు తెరుచుకున్న క్షణం దీపం వెలుగుతుంది. ఆ క్షణంలో క్రాంక్ పుల్లీ మీది గాటు టైమింగ్ కవరు మీది ముళ్లలో మాన్యువల్ చెప్పిన దానికి ఎదురుగా ఉండాలి.

ఇక వోల్టేజీ. పాత వైరింగులో కరెంటు దొంగతనం జరిగేది కనెక్షన్లలో. సెల్ఫ్ కొడుతూ బ్యాటరీ ఎర్త్ పోస్టుకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి. 0.3 వోల్టు దాటితే ఎర్త్ పట్టీ మార్చాలి, లేదా దాని కింద పెయింట్ గీకి బిగించాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ 9.6 వోల్టుల కిందికి పడితే ముందు బ్యాటరీ సంగతి చూడాలి. పాయింట్లు మూసుకుని ఉండగా కాయిల్‌కు చేరే వోల్టేజీ బ్యాటరీ దగ్గరి వోల్టేజీ కన్నా అర వోల్టుకు మించి తగ్గకూడదు. తగ్గితే ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజ్ పెట్టె వెతకండి. కాయిల్ ప్రైమరీ సుమారు 3 ఓములు ఉండాలి. దుకాణంలో చేతికొచ్చిన 1.5 ఓముల కాయిల్ పెడితే పాయింట్లు కొద్దిరోజుల్లోనే మాడిపోతాయి. అది కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే బాలస్ట్ రెసిస్టర్ ఉన్న బండ్లకు చేసింది.

తొలి మోడళ్లలో పాజిటివ్ ఎర్త్ ఉండొచ్చు. చార్జర్ తగిలించేముందు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ లాంటిది కొనేముందు బ్యాటరీలో ఏ పోస్టు బాడీకి కలిపి ఉందో చూసుకోండి.

వేడెక్కాక ఆగిపోతే

అంబాసిడర్ యజమానులందరికీ తెలిసిన ఫిర్యాదు ఇది. పొద్దున చక్కగా స్టార్ట్ అవుతుంది. ఎండలో అరగంట నడిచాక ట్రాఫిక్‌లో ఆగిపోతుంది. పావుగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఇంటికొచ్చి చూస్తే తప్పేమీ దొరకదు.

అనుమానితులు ఇద్దరు. ఒకటి, వేడికి పెట్రోల్ పైపులోనే ఆవిరై పంపు గాలి కొట్టడం. ఈ ఇంజిన్‌లో కార్బురేటర్, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ రెండూ ఒకేవైపు ఉంటాయి కాబట్టి మన ఎండల్లో ఇది వింత కాదు. రెండు, వేడికి కండెన్సరో కాయిలో లోపల తెగిపోయి, చల్లారాక మళ్లీ కలవడం. లక్షణం రెంటికీ ఒక్కటే. మందు మాత్రం వేరు.

ఆగిన ఆ నిమిషంలోనే బానెట్ ఎత్తి చూడాలి, చల్లారాక చూసి లాభం లేదు. డిక్కీలో పాత ప్లగ్గు ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి. కాయిల్ నుంచి వచ్చే లావు వైరును ఆ ప్లగ్గుకు పెట్టి, ప్లగ్గు ఒళ్లు బ్లాకుకు ఆనించి, ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనండి. దగ్గర్లో పెట్రోల్ కారడం లేదని ముందే చూసుకోవాలి. నీలంగా, టపటపమంటూ వస్తే కరెంటు బాగున్నట్టే, తప్పు పెట్రోల్ వైపుంది. పసుపుగా నీరసంగా వచ్చినా, అసలు రాకపోయినా ఇగ్నిషనే. అప్పుడు కొత్త కండెన్సర్ వేసి చూడండి, చవకైనది, పది నిమిషాల పని. దాంతో రాకపోతే కాయిల్‌ను ముట్టుకోండి. చెయ్యి పెట్టలేనంత కాలిపోతోందంటే అది కూడా అనుమానితురాలే. ఇప్పుడు అమ్ముతున్న కండెన్సర్లలో పెట్టెలోంచి తీసినవే పాడైనవి తగులుతుంటాయి. అందుకే మంచిదని తేలిన పాతదాన్ని పారేయకుండా స్పేరుగా పెట్టుకోవాలి.

పెట్రోల్ వైపైతే పంపు మీద తడిగుడ్డ వేయడం పాత చిట్కా. ఆ పూటకు ఇల్లు చేరుస్తుంది. శాశ్వతంగా కావాలంటే పైపును ఎగ్జాస్ట్ నుంచి దూరంగా మళ్లించి, వేడి తగలని తొడుగు వేసి, కార్బురేటర్‌కూ మ్యానిఫోల్డ్‌కూ మధ్య మందమైన ఇన్సులేటర్ గ్యాస్కెట్ వేయించాలి.

ఈ సమస్య ఈమధ్య ఎక్కువవడానికి ఇథనాల్ కూడా ఒక కారణం. 2023లో మొదలైన ఈ20 పెట్రోల్, అంటే 20 శాతం ఇథనాల్ కలిపినది, ఇప్పుడు దేశమంతటా బంకుల్లో వస్తోంది. పాత బండ్ల మీద దాని దెబ్బ మూడు రకాలు. పాత రబ్బరు పైపులు, పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ ఉబ్బి, తర్వాత గట్టిబడి పగులుతాయి. ఇథనాల్ తేమను లాక్కుంటుంది కాబట్టి నెలల తరబడి నిలబెట్టిన బండిలో నీళ్లు అడుగుకు చేరి ట్యాంకు తుప్పు పడుతుంది. ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి పాత జెట్లతో (కార్బురేటర్‌లో పెట్రోల్‌ను కొలిచి వదిలే రంధ్రాల ముక్కలు) మిశ్రమం పలచబడుతుంది, ప్లగ్గు తెల్లగా మారుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. మందులు: పైపులన్నీ ఇథనాల్ తట్టుకునే ఎఫ్‌కేఎం రబ్బరు పొర ఉన్నవి వేయడం, డయాఫ్రమ్‌లు మార్చడం, నెలకు మించి నిలబెట్టేటప్పుడు ట్యాంకు, ఫ్లోట్ చాంబర్ ఖాళీ చెయ్యడం. సోలెక్స్ కార్బురేటర్ జెట్ల మీది అంకె రంధ్రం వ్యాసాన్ని మిల్లీమీటరులో నూరోవంతుల్లో చెబుతుంది, అంటే 120 అంటే 1.20 మి.మీ. ఇగ్నిషన్ సరిగ్గా ఉండి కూడా ప్లగ్గులు తెల్లగా ఉంటేనే మెయిన్ జెట్ ఒక సైజు పెంచి చూడండి. ఉన్న జెట్‌నే తీగతో గీకి పెద్దది చెయ్యడం తప్పు, ఆ తర్వాత దానికి లెక్కంటూ ఉండదు.

మిశ్రమం పలచబడటానికి గాలి లీకు కూడా కారణం కావచ్చు. వ్యాక్యూమ్ గేజ్ మ్యానిఫోల్డ్‌కు తగిలిస్తే ఐడ్లింగ్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల మధ్య కదలకుండా నిలవాలి. తక్కువలో స్థిరంగా ఉంటే టైమింగ్ వెనకబడటమో గాలి లీకో. క్రమంగా ఒక్కో దెబ్బకు పడి లేస్తుంటే ఒక వాల్వు సరిగ్గా కూర్చోవడం లేదు.

వాల్వుల దగ్గర ఇంకో పాత లెక్క ఉంది. మన దేశంలో సీసం కలిపిన పెట్రోల్ 2000తో ఆగిపోయింది. అంతకుముందు చేసిన హెడ్డులో వాల్వు సీట్లు మెత్తటి పోత ఇనుములోనే ఉంటాయి, సీసం వాటికి రక్షణగా ఉండేది. అది లేకుండా హైవే మీద గట్టిగా తోలితే ఎగ్జాస్ట్ సీట్లు అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. గుర్తు పట్టడం తేలిక: అందరూ ట్యాపెట్ గ్యాప్ పెరుగుతుందనుకుంటారు, ఇక్కడ తగ్గుతుంది. 2,000 కిలోమీటర్లకోసారి ఎగ్జాస్ట్ గ్యాప్ బిగుసుకుపోతుంటే హెడ్డు దింపి గట్టి సీట్ ఇన్సర్టులు వేయించాలి. ఊళ్లో మెల్లగా తిరిగే బండికి తొందర అక్కర్లేదు.

నీళ్లు

వేడి మీద ఫిర్యాదు రాగానే థర్మోస్టాట్ పీకి పారేయడం మన గ్యారేజీల్లో ఆనవాయితీ. దానివల్ల మేలు లేదు. ఇంజిన్ ఎప్పటికీ సరైన వేడికి రాదు, ఆయిల్లో తేమ, జిడ్డు పేరుకుంటాయి, బోరు త్వరగా అరుగుతుంది. అసలు అడ్డు తీయకుండా సంకేతాన్ని తీసేసినట్టవుతుంది.

అడ్డు ఎక్కడుందో చూడటానికి బ్లాకు పక్కన వెనక ఉన్న డ్రెయిన్ ట్యాపు విప్పండి. రేడియేటర్ నిండుగా ఉన్నా అక్కడ చుక్క రాకపోతే ఆ రంధ్రంలో గట్టి తీగ పెట్టి పొడవండి. ముదురు గోధుమరంగు బురద రాలుతుంది. అది ఏళ్లనాటి తుప్పు, బోరునీళ్ల సున్నం కలిసిన పేరుకుడు. నాలుగో సిలిండర్ చుట్టూ అది నిండి ఉంటే రేడియేటర్ ఎంత కొత్తదైనా వెనక సిలిండర్ ఉడుకుతూనే ఉంటుంది. కోర్ ప్లగ్గులు (బ్లాకు పక్కల రంధ్రాలను మూసే రేకు బిళ్లలు) తీసి లోపలినుంచి గీకి కడగడమే మందు. తర్వాత బోరునీళ్లు వద్దు. డిస్టిల్డ్ నీళ్లలో రాగి, ఇత్తడి రేడియేటర్లకు సరిపడే కూలెంట్ 30 నుంచి 50 శాతం కలిపి పోయాలి. ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే 12 మి.మీ. దాకా దిగాలి.

బ్రేకులు

ఇంజిన్ స్టార్ట్ అయిన ఉత్సాహంలో వీధిలోకి తీసుకెళ్లే ముందు ఇది ముగియాలి. పాత అంబాసిడర్లలో బ్రేకు లైను ఒక్కటే సర్క్యూట్. ఎక్కడ ఒక్కచోట పైపు పగిలినా నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది, మిగిలేది హ్యాండ్ బ్రేకు. నిలిచిపోయిన బండిలో నాలుగు చక్రాల సిలిండర్ల రబ్బర్లు, మాస్టర్ సిలిండర్ కిట్, మూడు రబ్బరు హోసులు పైకి బాగున్నా మార్చండి. సిలిండర్ లోపల గుంటలు పడి ఉంటే కొత్త రబ్బరు నెలలో చిరుగుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ స్లీవ్ వేయించడం మేలైన దారి.

ఒక తప్పుడు దారి గురించి చెప్పుకోవాలి. కొంతదూరం వెళ్లాక ముందు చక్రం ఒకటి పట్టేసి డ్రమ్ కాలిపోతుంటే చాలామంది లైనర్లు గీకుతారు. ముందు ఆ చక్రం బ్లీడర్ స్క్రూ (లైనులోంచి ఫ్లూయిడ్, గాలి వదిలేది) కొద్దిగా విప్పి చూడండి. ఫ్లూయిడ్ చిమ్మి చక్రం వదిలేస్తే లోపల ప్రెషర్ చిక్కుకుని ఉందన్నమాట. అప్పుడు ఆ హోసు లోపల వాచి వాల్వులా పనిచేస్తోంది, పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్ వెళ్తుంది, తిరిగి రాదు. బ్లీడర్ విప్పినా వదలకపోతే పిస్టన్ లేదా షూ ఇరుక్కుంది.

బ్లీడింగ్, అంటే లైనులోని గాలి తీయడం, మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: ఎడమ వెనక, కుడి వెనక, ఎడమ ముందు, కుడి ముందు. డాట్ 3 లేదా డాట్ 4 ఫ్లూయిడ్ వాడి రెండేళ్లకోసారి మార్చండి. సిలికాన్ రకం డాట్ 5ను దీనితో కలపకూడదు. రబ్బరు జారడానికి ఇంజిన్ ఆయిల్, గ్రీజు రాస్తే రబ్బర్లు ఉబ్బిపోతాయి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు, డ్రమ్ములోని దుమ్మును గాలి గొట్టంతో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి.

మొదటి 500 కిలోమీటర్లు

హెడ్డు దింపి బిగించిన ఇంజిన్ అయితే నట్లను మధ్యనుంచి బయటికి, మెట్లమెట్లుగా 50 పౌండ్-అడుగులకు బిగించాలి. ఒకసారి పూర్తిగా వేడెక్కి చల్లారాక మళ్లీ టార్క్ చూసి, ట్యాపెట్లు తిరిగి పెట్టుకోవాలి. హెడ్డు బిగుసుకున్నప్పుడు గ్యాప్ మారుతుంది. రీబోరింగ్ చేసి ఉంటే మొదటి రోజే ఐడ్లింగ్‌లో గంటలు వదలొద్దు. రింగులు బోరుతో సర్దుకోవడానికి లోడు కావాలి. మూడో గేరులో 40 నుంచి 60 మధ్య వేగం పెంచుతూ, యాక్సిలరేటర్ వదిలేస్తూ పదిహేను నిమిషాలు తోలడం ఆ ఐడ్లింగ్ కన్నా మంచిది. 500 కిలోమీటర్లకు ఆయిల్, ఫిల్టరు మార్చండి. పాత ఆయిల్‌ను తెల్లగుడ్డ మీద పోసి మెరిసే రేణువులున్నాయేమో చూడండి.

వెనక ఆయిల్ చుక్కలు పడుతుంటే వెంటనే ఇంజిన్ దింపకండి. ఈ ఇంజిన్ వెనక భాగంలో రబ్బరు సీలు ఉండదు, క్రాంకు మీది మరలాంటి గాడులే ఆయిల్‌ను లోపలికి తిప్పి పంపుతాయి. నిలబెట్టినప్పుడు రెండు మూడు చుక్కలు దాని స్వభావం. అకస్మాత్తుగా ఎక్కువైతే ముందు క్రాంక్‌కేస్ బ్రీదర్ గొట్టం విప్పి కడగండి. అది మూసుకుపోతే లోపలి ప్రెషర్ ఆయిల్‌ను వెనకనుంచి తోసేస్తుంది. బ్రీదర్ శుభ్రంగా ఉండి, ఆయిల్ ప్రెషర్ కూడా తగ్గుతూ వస్తుంటేనే మెయిన్ బేరింగుల దాకా వెళ్లాలి.